మాడిన గింజ చెప్పిన మాట

ఈ మధ్య మా అపార్ట్‌మెంట్ ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒక ఫార్వర్డ్ తిరిగింది. మన పూర్వీకులు వేల ఏళ్ళుగా కొర్రలు, రాగులు, జొన్నలు తిని నూరేళ్ళు రాయిలా బతికారట. ఈ కాలం ఆడవాళ్ళు బద్ధకానికి పోయి, బియ్యం కుక్కర్లో పడేసి, ఇంటిల్లిపాదికీ షుగర్ జబ్బు తెచ్చిపెట్టారట. కింద దండాలు పెట్టే చేతుల బొమ్మలు ఓ ఇరవై. పెట్టినవాళ్ళలో నాకు ఇష్టమైనవాళ్ళూ ఉన్నారు కాబట్టి గ్రూపులో ఏమీ అనలేదు. కానీ ఆ పూర్వీకులు అసలు ఏం తిన్నారు, దాన్ని తినేట్టు చేసిందెవరు అన్నది తెలుసుకోవాలనిపించింది. తెలుగు బి.ఏ. చదివినదాన్ని, పురావస్తు శాస్త్రం నా సబ్జెక్టు కాదు. అయినా కొన్ని నెలలుగా దొరికినవన్నీ చదువుతూ ఉంటే ఒక సంగతి అర్థమైంది. ఈ చరిత్ర మొత్తం వంటింట్లోనే జరిగింది. మనకి తెలిసిన పనుల పేర్లతోనే దాన్ని చెప్పుకోవచ్చు.

ముందుగా ఒక విచిత్రం చెప్తాను. చక్కగా వండి, అందరూ లొట్టలేసుకుని తిన్న అన్నం చరిత్రలో మిగలదు. ఆకుకూర మిగలదు, మజ్జిగ మిగలదు, పచ్చిగింజ నేలలో పడితే మొలుస్తుంది, లేకపోతే కుళ్ళుతుంది, పురుగు తింటుంది. వేల ఏళ్ళు నిలిచేది ఒక్కటే: మాడిన గింజ. వేయిస్తుంటే చిట్లి నిప్పుల్లో పడ్డవి, కుండ అడుగున అంటుకుని బొగ్గయినవి, చెరిగిన పొట్టుతో కలిసి పొయ్యిలోకి పోయినవి, పిడకల్లో కలిసి కాలినవి. బొగ్గుగా మారిన గింజని పురుగు ముట్టదు, తేమ కుళ్ళబెట్టలేదు. ఆకారం మాత్రం అలాగే ఉంటుంది. ఉలవ ఉలవలాగే, పెసర పెసరలాగే. ఎప్పుడో ఒక ఇల్లాలు "అయ్యో, మాడిపోయిందే" అని గీకి పారబోసినదే ఇవాళ శాస్త్రవేత్తలకి ఆధారం.

ఆ గింజల్ని మట్టిలోంచి ఎలా తీస్తారో చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. తవ్విన చోట పొయ్యి దగ్గరి మట్టిని, చెత్తగుంటల మట్టిని సంచులకెత్తి, బకెట్లో నీళ్ళు పోసి అందులో వేసి కలుపుతారు. మన్ను, రాళ్ళు అడుక్కి పోతాయి. బొగ్గయిన గింజ తేలిక కదా, పైకి తేలుతుంది. ఆ పై నీటిని మైదా జల్లెడ కంటే సన్నటి గుడ్డలోకి వంచుతారు. నీడలో ఆరబెట్టి సూక్ష్మదర్శిని కింద ఒక్కో గింజా చూస్తారు. ఇది బియ్యం గాలించడం కాక మరేమిటి? రాళ్ళు లేని బియ్యం ప్యాకెట్లలో రాకముందు మన ఇళ్ళలో రోజూ జరిగిన పని. రెండు గిన్నెలు పట్టుకుని, నీళ్ళతో పాటు బియ్యం ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి జారుతుంటే రాళ్ళు అడుగున ఉండిపోయేవి. మా నాయనమ్మ చేతిలో ఆ గిన్నె తిరిగే తీరు చూస్తే విశ్వవిద్యాలయాల వాళ్ళు ఆమెకి ఉద్యోగం ఇచ్చి ఉండేవాళ్ళు.

ఇక మన నేలకి వస్తే, తెలుగువాళ్ళ అతి పాత వంటింటి ఆనవాళ్ళు బూడిద దిబ్బల దగ్గర ఉన్నాయి. కృష్ణా తుంగభద్రల మధ్య, మహబూబ్‌నగర్, కర్నూలు, అనంతపురం, బళ్ళారి ప్రాంతాల్లో ఇవి పెద్ద పెద్ద గుట్టల్లా కనిపిస్తాయి. ఊళ్ళల్లో రాక్షసుల్ని కాల్చిన బూడిద అని కథలు చెప్పేవాళ్ళు. ఉమ్మడి పాలమూరు జిల్లాలో మక్తల్ వైపు ఉన్న ఉట్నూరులో (ఆదిలాబాద్ ఉట్నూరు కాదు) 1957లో ఎఫ్.ఆర్. ఆల్చిన్ అనే ఇంగ్లీషు పురావస్తు శాస్త్రవేత్త తవ్వకాలు జరిపారు. ఆ బూడిద ఆవుపేడది అని తేల్చారు. దుంగలు పాతి కట్టిన పశువుల దొడ్డి, అందులో ఏళ్ళ తరబడి పేరుకున్న పేడ, దానికి మధ్య మధ్య నిప్పు పెట్టడం, మళ్ళీ అక్కడే దొడ్డి. ఆ పొరల్లో పశువుల గిట్టల గుర్తులు కూడా అచ్చు పడి దొరికాయి. అనంతపురం జిల్లా పాలవాయిలోనూ ఇలాంటి దిబ్బని తవ్వారు. మనం సంక్రాంతికి పశువుల్ని కడిగి, కొమ్ములకి రంగు పూసి చేసే పండగకీ, ఆ నిప్పులకీ ఏదో చుట్టరికం ఉండొచ్చని ఆల్చిన్ ఊహించారు. ఊహే అనుకోండి, నాకు మాత్రం నచ్చింది.

క్రీ.పూ. 3000 నుంచి 1200 వరకు సాగిన ఈ కాలాన్ని దక్షిణ భారత నవీన శిలాయుగం అంటారు. పశువులే వాళ్ళ సంపద, పాలు తాగారు, మాంసమూ తిన్నారు. ఎముకల మీద కోత గుర్తులు స్పష్టంగా ఉన్నాయి. పూర్వీకులందరూ శాకాహారులు అనుకునే వాళ్ళకి ఈ ముక్క రుచించకపోవచ్చు.

మరి గింజల సంగతి? చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. కుండలు, రాతి గొడ్డళ్ళు ఏరుకున్నారు కానీ మట్టిని గాలించలేదు. 1990ల చివర నుంచి లండన్‌లో పనిచేసే డోరియన్ ఫుల్లర్, ధార్వాడ రవి కోరిశెట్టర్, పి.సి. వెంకటసుబ్బయ్య కలిసి బళ్ళారి దగ్గరి సంగనకల్లు, కడప, కర్నూలు వైపు పెద్దముడియం, హనుమంతరావుపేట లాంటి చోట్ల ఆ పని చేశారు. ఊరూరా మాటిమాటికీ తేలిన గింజలు ప్రధానంగా నాలుగు. అండుకొర్రలు. కొర్రకి దగ్గరి చుట్టమైన ఒక గడ్డిగింజ. ఉలవలు. పెసలు.

అంటే మన తొలి కంచంలో ఒక చిరుధాన్యం, ఒక పప్పు. వాళ్ళ గంజికీ జావకీ మన పెసరపప్పు అన్నానికీ మధ్య నాలుగు వేల ఏళ్ళ దూరం ఉంది కానీ, ధాన్యంలో పప్పు కలుపుకునే పద్ధతి మారలేదు. బయటినుంచి ఎవరో వచ్చి నేర్పిన వ్యవసాయం కాదు, ఇక్కడి కొండవాలుల్లో దొరికే గడ్డి నుంచీ తీగల నుంచీ ఇక్కడివాళ్ళే చేసుకున్న పంటలివి అన్నది వాళ్ళ వాదన. గోధుమ, బార్లీ కూడా కొన్ని చోట్ల కొద్దిగా దొరికాయి, అవి ఉత్తరం నుంచి వచ్చినవి.

ఈ జాబితాలో లేనివి చూడండి. వాట్సాప్ పూర్వీకులు తిన్న రాగి లేదు, జొన్న లేదు. రాగికి పుట్టిల్లు ఇథియోపియా, ఉగాండా కొండలు. జొన్నకి సూడాన్. సజ్జకి పశ్చిమ ఆఫ్రికా ఎడారి అంచులు. ఇవన్నీ సముద్రం దాటి వచ్చి మన మెట్టపొలాల్లో మెల్లమెల్లగా కుదురుకున్నాయి. మనం పేటెంటు మనదే అన్నట్టు చెప్పుకునే కొర్రని ముందుగా సాగు చేసింది చైనాలో. అచ్చంగా ఇక్కడిదే అనదగ్గ అండుకొర్రేమో ఇవాళ అనంతపురం, కర్ణాటక సరిహద్దు పల్లెల్లో తప్ప పెద్దగా కనపడదు. కంది కూడా మనదే కానీ దాని పుట్టిల్లు ఒడిశా, బస్తర్ అడవుల వైపు. రాగి సంకటి మనది కాదని నేననను. మూడు వేల ఏళ్ళు కాపురం చేసిన కోడల్ని పరాయిది అంటామా?

నూరేళ్ళ ఆయుష్షు సంగతి కూడా చెప్పాలి. ఆ కాలపు ఊళ్ళని తవ్వినప్పుడు ఇళ్ళ నేలల కిందే కుండలు దొరికాయి. వాటిలో ధాన్యం లేదు. పసిబిడ్డలు ఉన్నారు. పుట్టి పోయిన పిల్లల్ని కుండలో పెట్టి, తాము పడుకునే నేల కిందే పాతుకున్నారు. దక్షిణాదిలో ఇలాంటి సమాధులు చాలా చోట్ల ఉన్నాయి. ఊరి బయటకి పంపడానికి మనసొప్పలేదేమో. అండుకొర్రలు, ఉలవలు తిన్న తల్లుల పిల్లలే వాళ్ళు. ఆ వివరం చదివాక నేను ఆ రోజుకి పుస్తకం మూసేశాను.

ఇప్పుడు అసలు విషయం. గింజ దానంతట అది అన్నం కాదు. అండుకొర్ర, కొర్ర, సామ, అరికె, ఈ నాలుగింటికీ గట్టి పొట్టు. దంచాలి, చెరగాలి, మళ్ళీ దంచాలి, నేమాలి. రాగికీ జొన్నకీ పొట్టు బాధ తక్కువ కానీ పిండి విసరాలి. ఆ నవీన శిలాయుగపు ఊళ్ళలో గుండ్రంగా తిరిగే తిరగలి, అదే ఇసుర్రాయి, ఇంకా రాలేదు. ఉన్నది పల్లంగా అరిగిన పెద్ద రాయి, దాని మీద రెండు చేతులా పట్టుకుని ముందుకీ వెనక్కీ నూరే రాయి. దాదాపు మన సన్నికల్లు. సంగనకల్లు గుట్టల మీద బండరాళ్ళలోనే నూరి నూరి పడ్డ గుంతలు ఇప్పటికీ ఉన్నాయి. రాయి అరిగిందంటే ఎన్ని తరాల చేతులు తిరిగాయో. (పెళ్ళిలో మన చేత సన్నికల్లు తొక్కించి రాయిలా స్థిరంగా ఉండమంటారు. ఆ రాయి కూడా స్థిరంగా లేదు, అరిగింది.)

రాయి మీద అంత గుర్తు పడితే ఒంటి మీద ఎంత పడుతుంది? దానికి జవాబు సిరియాలో దొరికింది. యూఫ్రటీస్ నది ఒడ్డున అబూ హురేరా అనే ఊరిని, ఆనకట్ట నీళ్ళలో మునిగిపోయే ముందు, 1972, 73లలో హడావుడిగా తవ్వారు. ప్రపంచంలో వ్యవసాయం మొదలైన తొలి ఊళ్ళలో అదొకటి. అక్కడి అస్థిపంజరాల్ని థేయా మాలిసన్ అనే ఆవిడ పరీక్షించారు. కొన్ని ఎముకల్లో ఒకే రకమైన అరుగుదల. నడుము కింది వెన్నుపూస దెబ్బతింది. మోకాళ్ళు అరిగాయి. కాలి బొటనవేలి కీలు వంకరపోయి వాచింది. మోకాళ్ళ మీద కూర్చుని, కాలివేళ్ళు ముందుకి మడిచి నేలకి అదిమి, ఒంటిని ముందుకీ వెనక్కీ ఊపుతూ రోజూ గంటల తరబడి నూరితే వచ్చే అరుగుదల అది అని ఆవిడ తేల్చారు. అలాంటి ఎముకల్లో ఎక్కువ భాగం ఆడవాళ్ళవి.

వ్యవసాయం మానవజాతి వేసిన గొప్ప ముందడుగు అని బడిలో చదువుకున్నాం. ఆ అడుగులో బొటనవేలు ఎవరిదో పాఠంలో రాయలేదు. ఇంకో మాట, పిండి నూరడం వ్యవసాయం కంటే ముందే ఉంది. జోర్డాన్‌లో షుబైకా అనే చోట 14,400 ఏళ్ళ నాటి పొయ్యిలో మాడిన రొట్టె తునకలు దొరికాయని 2018లో ప్రకటించారు. పంట వేయడం ఇంకో నాలుగు వేల ఏళ్ళకి గానీ మొదలు కాలేదు. అడవి గింజలు ఏరి, నూరి, జల్లించి, కాల్చిన రొట్టె అది. అక్కడ కూడా మాడిన ముక్కే సాక్షి.

మా నాయనమ్మ నడుము వంగిపోయి ఉండేది. పాలమూరు వైపు పల్లె. తెల్లవారుజామున నాలుగింటికి లేచి జొన్నలు విసిరేవాళ్ళమని, పిండి అయితేనే రొట్టె అని, రొట్టె అయితేనే మగవాళ్ళు పొలానికి కదిలేవాళ్ళని చెప్పేది. కొర్రలు దంచే రోజయితే ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు ఒకే రోలు చుట్టూ నిలబడి రోకళ్ళు మార్చి మార్చి వేసేవాళ్ళు. పాట లేకపోతే చేయి ఆగిపోతుంది, అందుకే పాడేవాళ్ళం అనేది. బి.ఏ.లో మాకు జానపద సాహిత్యం పాఠం ఉండేది. బిరుదురాజు రామరాజు గారి పరిశోధన గురించి, దంపుళ్ళ పాటలు, తిరగలి పాటల గురించి పరీక్షలో రాసి మంచి మార్కులే తెచ్చుకున్నాను. ఆ పాటల అందం గురించి రాశాం. అవి నొప్పి మరచిపోవడానికి పుట్టినవని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

మన సైబరాబాద్‌లోనే ఇంకో పాత వంటింటి జాడ ఉంది. గచ్చిబౌలిలో హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆవరణలో ఇనుప యుగపు సమాధిని ప్రొఫెసర్ కె.పి. రావు గారి బృందం తవ్వింది. కుండలు, ఇనుప చాకులు దొరికాయి. పల్లెల్లో రాకాసి గుళ్ళు అని పిలిచే పెద్ద రాళ్ళ సమాధుల కోవలోదే ఇదీ. సికింద్రాబాద్ వైపు హష్మత్‌పేటలో కూడా అలాంటివి ఉన్నాయి. ఈ సమాధుల్లో మనిషి పక్కన కుండలు, గిన్నెలు, మూకుళ్ళు పెట్టేవాళ్ళు. పోయినవాళ్ళకి ఆకలేస్తుందని నమ్మకం. పెత్రమాసకి పెద్దలకి బియ్యం ఇచ్చుకునే మనకి దాన్ని ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. 1998లో సైబర్ టవర్స్ తెరిచినప్పుడు అక్కడంతా ఉత్త రాళ్ళూ గుట్టలే, ఏమీ లేదు అని అందరూ అంటూంటారు. ఆ రాళ్ళ మధ్యే ఎవరో వండుకున్నారు, తిన్నారు, పోయినవాళ్ళకి పెట్టారు.

ఆ తర్వాత రెండు వేల ఏళ్ళ పైచిలుకు నేను దాటేస్తున్నాను. చెరువులు తవ్వారు, వరి పెరిగింది, వరి తిన్నవాడు గొప్పవాడయ్యాడు. ఈ గొప్పతనం మన సాహిత్యంలో బాగా కనిపిస్తుంది. శ్రీనాథుడిదని చెప్పే ఒక చాటువులో కవిగారు పల్నాడు వెళ్ళి, ఎక్కడ చూసినా జొన్నకూడు, జొన్న అంబలే తప్ప సన్నన్నం కనపడదని వాపోతారు. పద్యం అందంగా ఉంటుంది, కాదనను. కానీ ఆ జొన్నలు విసిరిన పల్నాటి ఇల్లాలి ముఖం అందులో లేదు. క్రీడాభిరామంలో ఓరుగల్లు పూటకూళ్ళ ఇంట్లో ఒక రూకకి పెట్టే భోజనం వర్ణన ఉంది. మేలురకం బియ్యపు అన్నం, గోధుమ పిండివంట, పంచదార, నెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్ళు, గట్టి పెరుగు. డబ్బిచ్చి కొనుక్కునే భోజనం కదా, చిరుధాన్యం ఆనవాలు లేదు. పెసరపప్పు మాత్రం ఉంది. సంగనకల్లు పొయ్యిలోంచి ఓరుగల్లు విస్తరి దాకా వచ్చింది ఆ పెసరే. సురవరం ప్రతాపరెడ్డి గారు 1949లో 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' రాసినప్పుడు ఇలాంటి పద్యాలనే ఆధారాలుగా పట్టుకున్నారు. రాజుల యుద్ధాలు పక్కన పెట్టి జనం ఏం తిన్నారు, ఏం కట్టారు అని అడిగిన పుస్తకం అది. మన ఇళ్ళల్లో ఉండాల్సిన పుస్తకం.

నాకు బాగా నచ్చింది మాత్రం ఆముక్తమాల్యద. విష్ణుచిత్తుడి ఇంట అతిథులకి ఋతువుకి తగ్గట్టు ఏమేం వండి పెడతారో కృష్ణదేవరాయలు చెప్తాడు. చలికాలం వంటల్లో ఘాటు మిరియాల పొడిది, మిరపకాయది కాదు. మిరప మెక్సికో వైపు పంట. 1498లో వాస్కో డ గామా కోళికోడ్ చేరాక, పోర్చుగీసు ఓడల్లో మెల్లగా వచ్చింది. మిరప అనే మాటలోనే మిరియం వినిపిస్తుంది చూడండి, కొత్త ఘాటుకి పాత ఘాటు పేరు పెట్టుకున్నాం. గుంటూరు కారం లేకుండా శ్రీనాథుడూ, రాయలూ బతికారంటే మా అబ్బాయి ఇప్పటికీ నమ్మడు. టమాటా, ఆలుగడ్డ, పల్లీలు, బొప్పాయి, జామ, ఆఖరికి సీతమ్మ పేరు పెట్టుకున్న సీతాఫలం, అన్నీ ఆ అమెరికా వైపు నుంచి వచ్చినవే.

ఆముక్తమాల్యదలో నేను మరచిపోలేనిది వంట కాదు, కట్టెలు. వానాకాలంలో కట్టెలు తడిసి పొగ చిమ్ముతాయి. భార్య కళ్ళలోకి పొగ వెళ్ళకుండా కొబ్బరి చిప్పలు పొయ్యిలో పెట్టి వండుకున్నట్టు రాయలు రాస్తాడు. విస్తట్లో ఏముందో రాసిన కవులు చాలామంది ఉన్నారు. పొయ్యి దగ్గర కళ్ళు మండుతున్న మనిషిని చూసిన కవులు తక్కువ. అదీ యుద్ధాల్లో తిరిగే ఒక రాజు!

ఇంక బియ్యం మన ఇళ్ళని ఎలా గెలిచిందో చూద్దాం. మిల్లులొచ్చాయి. దంచక్కర్లేదు, విసరక్కర్లేదు. నీళ్ళు పోసి పొయ్యి మీద పెడితే అరగంటలో అన్నం. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చింది. కొర్రలు, సామలు దంచుకునే ఇంటికి అది ఏమిటో ఊహించండి. పండక్కి మాత్రమే దొరికే వరన్నం రోజూ దొరకడం ఒకటి. తెల్లవారుజామున ఇంకో రెండు గంటలు పడుకోగలగడం రెండోది. మొదటిదాని గురించి అందరూ రాశారు. రెండోదాని గురించి మా నాయనమ్మ చెప్పగా విన్నాను. "మిల్లు వచ్చినాక నా నడుము నాకు దక్కింది" అనేది. ఆమె కొర్రలు వదిలింది నామోషీకి కాదు, బద్ధకానికి అసలే కాదు.

పేదింట్లో చిరుధాన్యం ఎప్పుడూ ఆరోగ్యమే తెచ్చిందనీ అనలేం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థలో సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతయ్య 1960 ప్రాంతంలో పెల్లగ్రా అనే జబ్బు మీద పనిచేశారు. చర్మం నల్లబడి పొలుసులు రాలే జబ్బు అది. దక్కను పల్లెల్లో జొన్న తప్ప మరేదీ దొరకని పేదల్లో కనిపించేది. జొన్న చెడ్డదని కాదు, జొన్న ఒక్కటే తినడం చెడ్డది. పప్పూ పాలూ కూరా ఉన్న ఇంట్లో జొన్నరొట్టె అమృతమే. బియ్యానికైనా అంతే కదా. తెల్లగా పాలిష్ పట్టిన బియ్యాన్నే మూడు పూటలా తింటే వచ్చే నష్టం ఇవాళ ప్రతి ఇంట్లో కనిపిస్తోంది. దాన్ని నేను కాదనడం లేదు. మా ఇంట్లోనూ రెండు పూటలకి ఒక పూట రొట్టె చేశాను.

2023ని ఐక్యరాజ్య సమితి చిరుధాన్యాల సంవత్సరం అంది. ఆ తర్వాత కొండాపూర్, మాదాపూర్ సూపర్ మార్కెట్లలో అండుకొర్రలు, సామలు బియ్యం కంటే ఎంతో ఎక్కువ ధరకి, అందమైన ప్యాకెట్లలో వచ్చి కూర్చున్నాయి. పేదల తిండి ఉన్నోళ్ళ మందు అయింది. వాటి పొట్టు ఇప్పుడు యంత్రం తీస్తోంది కాబట్టే మనం అంత తేలిగ్గా కుక్కర్లో పెట్టగలుగుతున్నామన్నది ప్యాకెట్ మీద రాయరు. యంత్రం లేని ఊళ్ళో ఇప్పటికీ రోలే.

మన హైటెక్ సిటీ నుంచి ముంబై రోడ్డు పట్టుకుంటే పటాన్‌చెరులో ఇక్రిశాట్ వస్తుంది. 1972లో పెట్టిన అంతర్జాతీయ సంస్థ. జొన్న, సజ్జ, రాగి, శనగ, కంది, వేరుశనగల లక్షకు పైగా విత్తన నమూనాలు అక్కడ చల్లటి గదుల్లో భద్రంగా ఉన్నాయి. అదే రోడ్డులో ఇంకా ముందుకి పోతే జహీరాబాద్. అక్కడి పల్లెల్లో దళిత ఆడవాళ్ళు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాలుగా కూడి, వానకి మాత్రమే పండే చేలల్లో ఒకేసారి రకరకాల పంటలు కలిపి వేస్తారు. విత్తనాల్ని బూడిద, వేపాకు కలిపి, పేడ అలికిన బుట్టల్లో దాచుకుంటారు. రేషన్‌లో బియ్యం మాత్రమే ఇస్తుంటే, తాము పండించిన జొన్నల్ని ఊరి పేదలకి తక్కువ ధరకి ఇచ్చే ఏర్పాటు సొంతంగా చేసుకున్నారు. 2019లో ఆ సంస్థకి ఐక్యరాజ్య సమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. చల్లగదులు కరెంటుతో నడుస్తాయి, ఆ బుట్టలు ఆడవాళ్ళ జ్ఞాపకంతో. ఏ విత్తనం ఏ నేలకి, ఏ కార్తెలో, ఎంత లోతున, ఏది పక్కన ఏది అన్నది వాళ్ళకి నోటికొచ్చు.

ఇంత చదివాక మిమ్మల్ని ఊరికే పంపితే బాగోదు. అండుకొర్ర దొరకకపోయినా ఉలవలు ప్రతి కిరాణా కొట్లోనూ ఉంటాయి. గుర్రాల దాణా అని ఇంగ్లీషువాళ్ళు పేరు పెట్టారు, మన ఊళ్ళల్లో ఎద్దులకి ఉడకబెట్టి, ఆ కట్టు వంచి చారు కాచుకున్నారు. పావుకిలో ఉలవలు ముందు రాత్రి నానబెట్టండి. రాళ్ళు ఉంటాయి, గాలించండి. అవే నీళ్ళలో, ఇంకో లీటరు పోసి, కుక్కర్లో ఆరేడు కూతలు రానిచ్చి, ఆపైన సన్నని సెగ మీద అరగంట ఉంచండి. కట్టు వంచుకుని, చింతపండు పులుసు, ఉప్పు, మిరియాల పొడి, బెల్లం ముక్క వేసి, చిక్కబడేదాకా కాచండి. పోపులో ఆవాలు, జీలకర్ర, వెల్లుల్లి, కరివేపాకు. పైన వెన్న. టమాటా వెయ్యకండి, అది మొన్న వచ్చిన చుట్టం. ఉడికిన గింజల్ని పారేయొద్దు, ఉల్లిపాయ వేసి గుగ్గిళ్ళు చేసుకోవచ్చు. అడుగంటకుండా మధ్య మధ్య కలుపుతూ ఉండండి.